480 మందిలో మా సారు

మా వకీలు సారు పోయిన పదకొండో రోజున నల్లగొండ వెళ్లాను. దినాలకు వచ్చిన చుట్టాలంతా ముందు హాల్లో కూర్చుంటే, నేను చెప్పులు విడిచి అలవాటు కొద్దీ పక్క గుమ్మంలోంచి ఆఫీసు గదిలోకి నడిచాను. వాసన మారలేదు. పచ్చ లెడ్జర్ కాగితం, కార్బన్, ఎప్పుడో ఎండిపోయిన జిగురు సీసా, ఏఐఆర్ తీర్పుల సంపుటాల అట్టల్లో చేరిన చెమ్మ, అన్నీ కలిసిన వాసన అది. పదహారేళ్లు పీల్చాను. కళ్లు మూసుకుంటే అన్నం తినే వేళయిందో, కోర్టుకు పరుగెత్తే వేళయిందో అర్థం కాలేదు.

సారు కూతురు వచ్చి, "అన్నా, పుస్తకాలు బార్ లైబ్రరీకి ఇచ్చేద్దామనుకుంటున్నం. ఫైళ్లే ఏం జేయాల్నో తెలుస్తలేదు. ఒకసారి నువ్వు చూస్తవా?" అంది. చూస్తానన్నాను. నాకు అందులో కావలసింది ఒక్క ఫైలే. అది కోర్టు ఫైలు కాదు.

*

నేను సారు దగ్గర గుమాస్తాగా చేరేనాటికి ఇంటర్ తప్పి ఉన్నాను. మొదటి ఆరు నెలలు నాకు అప్పజెప్పిన పని ఫైలుకు ట్యాగు కట్టడం. ఒక్క లాగుకు ఊడి రావాలి, అంతవరకు జారకూడదు. "జడ్జి ముందు ముడి విప్పుకుంట నిలబడ్డోడు సగం కేసు ఓడినట్టే" అనేవారు. తర్వాత టైపు నేర్చుకున్నాను. మూడు కార్బన్లు పెట్టి కొడితే నాలుగో కాపీ మీద అక్షరాలు దయ్యాల్లా కనపడేవి. ఆ నాలుగోదే ఆఫీసు కాపీ. అందుకే మా ఆఫీసు ఫైళ్లు మాకు తప్ప ఎవరికీ చదవ వచ్చేవి కావు.

పొద్దున్న ఆరున్నరకే వరండాలో మనుషులుండేవారు. రాత్రి చివరి బస్సుకు వచ్చి అక్కడే పడుకున్నవాళ్లు. మునుగోడు, చండూరు, మర్రిగూడ దిక్కు వాళ్లయితే నాకు దూరం నుంచే తెలిసేది. ముందు కేసు సంగతి అడిగేవాళ్లు కాదు, నల్లా ఎక్కడుందని అడిగేవాళ్లు. తాగాక వెంట తెచ్చుకున్న డబ్బా నింపుకునేవాళ్లు. ఐదు లీటర్ల నూనె డబ్బా, మూతకు గుడ్డ చుట్టి ఉండేది. తారీఖు పడిందో లేదో గానీ డబ్బా మాత్రం నిండి ఊరికి పోయేది. అమ్మ, అంటే సారు భార్య, మొదట్లో విసుక్కునేది. తర్వాత నల్లా కింద ఒక బండరాయి వేయించింది, డబ్బా పెట్టడానికి వీలుగా.

నాగార్జునసాగర్ మా జిల్లాలోనే ఉంది. కృష్ణ మా జిల్లా అంచునే పారుతుంది. మునుగోడు దిక్కు మెరకకు మాత్రం ఆ రోజుల్లో ఆ నీళ్లు ఎక్కేవి కావు. బోరు వేస్తే ఫ్లోరైడు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటారు, మా దిక్కు కొన్ని బోర్లలో దానికి ఎన్నో రెట్లు. కాచి తాగమని పట్నం డాక్టర్లు చెప్పేవారట. కాస్తే నీళ్లు ఇగిరిపోయి ఫ్లోరైడు మరింత చిక్కబడుతుందని సారుకు తెలుసు, తాగేవాళ్లకు తెలియదు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడు తీసే పద్ధతి ఒకటుంది, దాని పేరే నల్లగొండ టెక్నిక్. సారు దాని మీద ఒక మాట అనేవారు: "టెక్నిక్‌కు మన పేరు పెట్టిన్రు, నీళ్లు వేరేటోళ్లకు పెట్టిన్రు."

*

ఒక గట్టు తగాదా కేసు. మా తరఫు గవాయి మునుగోడు దిక్కు రైతు. బోనెక్కడానికి రెండు మెట్లుంటాయి. అవి ఎక్కడానికి నేను ఒక చెయ్యి, బంట్రోతు ఒక చెయ్యి పట్టుకున్నాం. జడ్జి గారు "ఇటు చూసి చెప్పు" అన్నారు. అతను మెడ తిప్పలేదు. మళ్లీ అన్నారు, కాస్త గట్టిగా. అప్పుడతను పాదాలు ఒక్కోటిగా జరుపుకుంటూ, బోను కర్ర పట్టుకుని, మొత్తం ఒళ్లంతా జడ్జి వైపు తిప్పాడు. మెడ వేరుగా తిరగదు అతనికి. వెన్నుపూసలు అతుక్కుపోయాయి.

"వయసెంత?"

"ముప్పై ఆరు."

రాసుకుంటున్న కోర్టు గుమాస్తా కలం ఆపి తలెత్తాడు. జడ్జి గారు కూడా. ఎదుటి వకీలు అరవై అని వాదించడానికి సిద్ధపడ్డవాడిలా కాగితాలు చూసుకున్నాడు. ఆ రోజు క్రాస్ పరీక్ష చాలా తొందరగా అయిపోయింది. కేసు గెలిచాం. బయటికొచ్చాక ఆ మనిషి డబ్బా నింపుకోవడానికి మా ఇంటికే వచ్చాడు. సారు గౌను కూడా విప్పకుండా వరండాలో నిలబడి అతను నల్లా దగ్గరికి వంగడానికి పడే పాట్లు చూస్తూ ఉన్నారు. నేను వెళ్లి డబ్బా పట్టాను.

1996 ఎన్నికలకు ముందు సంగతి ఇది. ఎంత ముందో గుర్తులేదు. సారు నామినేషన్ వేయడానికి ఇదే కారణమని నేను అనను. ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

*

జల సాధన సమితి దుశ్చర్ల సత్యనారాయణ గారు అప్పటికే ఊరూరా తిరుగుతున్నారు. శ్రీశైలం ఎడమగట్టు కాలువ తవ్వండి, నీళ్లివ్వండి అని ఎన్ని దరఖాస్తులు పెట్టినా ఢిల్లీకి చూపు ఇటు పడట్లేదు. పార్లమెంటు ఎన్నికకు వందల నామినేషన్లు వేస్తే? బ్యాలెట్ కాగితమే అచ్చువేయలేనంతగా? ఆ మాట మా కోర్టు కాంపౌండ్‌లోకి ఒక పొద్దున టీ గ్లాసులతో పాటే వచ్చింది. కొందరు నవ్వారు. సారు నవ్వలేదు. ఇంటికొచ్చి ఎన్నికల చట్టం పుస్తకం దింపమన్నారు.

డిపాజిట్ అప్పట్లో 500 రూపాయలు. ఎస్సీ, ఎస్టీలకు 250. ప్రతిపాదించడానికి నియోజకవర్గంలో ఓటున్న మనిషి ఒక్కడు చాలు. పోలైన చెల్లే ఓట్లలో ఆరో వంతు రాకపోతే డిపాజిట్ సర్కారుకు. సారు ఇవన్నీ నాకు చదివి వినిపించి, "ఆ ఒక్కడివి నువ్వే" అన్నారు.

అమ్మ వంటింట్లోంచి వింటూనే ఉంది. "పోతయని తెల్సి ఐదు వందలు కట్టేటోళ్లను నేనెక్కడ సూడలే" అంది.

"కోర్టు ఫీజు అనుకో. దావా ఓడితే కోర్టు ఫీజు వాపసు అడుగుతమా?"

"దావా అయితే గెలుస్తమని ఏస్తరు."

దానికి సారు దగ్గర జవాబు లేదు. పాతికేళ్ల ప్రాక్టీసులో ఆయన నోరు మూయించిన వకీలు మా జిల్లా కోర్టులో ఎవరూ లేరు గానీ, ఇంట్లో ఆయన వారానికోసారైనా ఓడేవారు.

కలెక్టరాఫీసు ఆ రోజుల్లో జాతరలా ఉండేది. పంచెలు కట్టుకున్న రైతులు, కర్రలు పట్టుకున్న ముసలివాళ్లు, చేతుల్లో ఫారాలు. చాలామందికి ఫారం ఎలా నింపాలో తెలియదు. సారు తన నామినేషన్ ఇచ్చేసి వచ్చి, వేపచెట్టు కింద నిలబడి మిగతావాళ్ల ఫారాలు చూడడం మొదలుపెట్టారు. ఓటర్ల జాబితాలో భాగం సంఖ్య రాశారా, వరుస సంఖ్య సరిపోయిందా, సంతకం ఎక్కడ. ప్రమాణం సంగతి చాలామందికి తెలియదు. నామినేషన్ వేశాక, పరిశీలన రోజుకు ముందే రాజ్యాంగానికి విధేయుణ్ణని ప్రమాణం చెయ్యాలి. చెయ్యకపోతే కొట్టేస్తారు. "ఫారం ఇచ్చి సక్కగ బస్‌స్టాండుకు పోయేరు, లోపలికి పొయ్యి ప్రమాణం జేసిరాండ్రి" అని సారు ఎంతమందిని వెనక్కి పంపారో. తన పోటీదారుల నామినేషన్లు నిలబెట్టడానికి అంత కష్టపడ్డ అభ్యర్థిని నేను మళ్లీ చూడలేదు.

ఉపసంహరణ గడువు లోపల విరమించుకోమని పెద్దమనుషుల చేత చెప్పించారు. కాఫీలు తాగి పోయారు. గడువు దాటాక తేలిన లెక్క 480. అంతమందికి గుర్తులు ఎక్కడినుంచి తెస్తారన్నది ఆ వారమంతా మా కాంపౌండ్‌లో చర్చ. కర్ణాటకలో బెల్గాం పార్లమెంటుకు కూడా నాలుగొందల యాభై పైన వేశారని పేపర్లో వచ్చింది. తమిళనాడులో ఒక అసెంబ్లీ సీటుకు వెయ్యి దాటారట. అది చదివి సారు కొంచెం చిన్నబుచ్చుకున్నారు కూడా, మొదటి బహుమతి పోయినట్టు.

మా ఎన్నిక వాయిదా పడింది. దేశమంతా ఓట్లేసింది, మేం ఆగాం. అక్కడే అసలు తంటా వచ్చింది.

*

వాయిదా దొరకగానే సారులో వకీలు మేల్కొన్నారు. వాయిదా అంటే తయారీకి టైము. అంతవరకు "మనం గెలవడానికి నిలబడలేదురా, నిలబడడానికే నిలబడ్డం" అన్న మనిషి, ఒక రాత్రి కోర్టు కేసుల జాబితా, అదే కాజ్ లిస్టు, వెనక్కి తిప్పి ఊళ్ల పేర్లు రాయడం మొదలుపెట్టారు. ఆ ఊళ్లో మన కేసులు ఎన్ని, గెలిచినవెన్ని, ఆ ఇళ్లలో ఓట్లెన్ని. భాగపంపకాల దావా వేసినచోట ఇద్దరన్నదమ్ముల్లో మనవైపున్న వాడి ఓట్లే రాయాలి కదా, ఎదుటివాడివి వద్దు కదా అని నన్నడిగారు. జీవనభృతి కేసుల్లో ఆడవాళ్లవి మాత్రం ధైర్యంగా రాసుకున్నారు.

"వెయ్యి దాటతదిరా" అన్నారు చివరికి, గొంతు తగ్గించి, అమ్మకు వినపడకుండా.

నేను తలూపాను. ఏం చెప్పాలి? ఓడడానికే నిలబడ్డ మనిషికి ఆశ పుడితే చూడడం కష్టం. పోనీ మామూలు అభ్యర్థిలా జీపు, మైకు అంటారా అంటే అదీ లేదు. చిన్న కరపత్రం వేయించారు. అందులో తన పేరు ఒకసారి, నీళ్ల మాట పదకొండుసార్లు. ప్రెస్సు వాడు ఫోటో పెట్టమంటే గౌనుతో దిగిన ఫోటో వద్దన్నారు, వృత్తిని ప్రచారానికి వాడుకున్నట్టు అవుతుందని. గౌను లేని ఫోటో ఇంట్లో పెళ్లి ఫోటో ఒక్కటే ఉంది. చివరికి ఫోటో లేకుండానే వేశాం. ఆ కరపత్రాలు కేసుల తారీఖులకు వచ్చినవాళ్లకే పంచాం. వాళ్లు భద్రంగా మడిచి వకాలత్ కాగితాల్లో పెట్టుకున్నారు, కోర్టు వాళ్లిచ్చిన నోటీసనుకుని.

*

ఓటు రోజు ఎండ మండిపోతోంది. మా ఊరి బడిలో బూతు. లైను కదలదు. లోపలికి పోయినవాళ్లు బయటికి రారు. ఎందుకో నా వంతు వచ్చాక తెలిసింది. వేలికి సిరా పెట్టి చేతిలో పెట్టింది కాగితం కాదు, పుస్తకం. బ్యాలెట్ పుస్తకం.

అట్ట చాటున నిలబడ్డాను. పక్క అట్టల వెనక నుంచి పేజీలు తిప్పే చప్పుడు వస్తోంది. పరీక్ష హాల్లో జవాబు తెలియని పిల్లలు ప్రశ్నపత్రం తిప్పినట్టు. పేర్లు అక్షరక్రమంలో ఉన్నాయి. సారు పేరు బాగా వెనకెక్కడో ఉండాలి. చివరి నుంచి తిప్పాను. అదే ఇంటిపేరు నలుగురికుంది, అదే పేరు ఏడుగురికుంది. దాటిపోయానేమోనని వెనక్కి వచ్చాను. చెమట చేతుల్లోంచి కాగితం మీద పడుతోంది. "ఏమయ్యా, సదువుకుంటున్నవా, ఓటేస్తున్నవా?" అని బయటినుంచి కేకేశారు. వెనక లైన్లో మా ఊరి ముసలమ్మలు, నెత్తిన కొంగులు కప్పుకుని.

అప్పుడు కంకి కొడవలి కనపడింది.

మా నాయన కాలం నుంచి మా ఇంట్లో ఓటంటే సీపీఐ కంకి కొడవలి. సాయుధ పోరాటం నాటి కథలు వింటూ పెరిగినవాళ్లం. 1952లో రావి నారాయణరెడ్డి గారికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లేశామని మా తాత చచ్చేదాకా చెప్పుకున్నాడు. ముద్ర నా చేతిలోనే ఉంది. ఆ గుర్తు మీద పడింది. నేను వేశానా, అది పడిందా అన్నది ఇప్పటికీ చెప్పలేను. పుస్తకం పెట్టెలో వేసి బయటికొచ్చాను.

సారు నామినేషన్ మీద ప్రతిపాదించినవాడి సంతకం నాది. నా ఓటు మాత్రం సారుకు పడలేదు. ఈ ముక్క ఇవాళ్టి వరకు మా ఇంటిదానికి కూడా చెప్పలేదు.

*

లెక్కింపు నాడు సారు నన్ను ఏజెంటుగా వేయలేదు. 480 మందికి ఏజెంట్లు లోపలికొస్తే లెక్కపెట్టేవాళ్లకు నిలబడే జాగ ఎక్కడిది అన్నారు. బయట చెట్టు కింద కూర్చున్నాం. సీపీఐ నుంచి బొమ్మగాని ధర్మభిక్షం గారు గెలిచారు. డిపాజిట్లు దక్కింది ముగ్గురికే. 477 మందికి పోయాయి.

అంటే నేను ఓటేసిన మనిషి గెలిచాడు, నేను ప్రతిపాదించిన మనిషి ఓడాడు.

సారు ఓట్లు మూడంకెలు దాటలేదు. ఆ మూడంకెల్లోనూ మొదటి అంకె చిన్నదే. చీటీ చూసి, మడిచి, పై జేబులో పెట్టుకుని, "మన ఆడోళ్ల కేసులోళ్లు గూడ ఎయ్యలేదురా" అన్నారు. కోపం లేదు. ఆశ్చర్యపోయారు, అంతే. "పుస్తకంల దొరికుండదు సార్" అన్నాను. నా గొంతు నాకే వేరేగా వినపడింది.

"నీకు ఎన్నో పేజీల దొరికె?"

"యాదికి లేదు సార్. ఎనకనే."

"ఊ" అన్నారు. ఆయన బోనులో ఉన్న మనిషిని రెండో ప్రశ్న అడగకుండా వదిలేయడం నేను ఒకటి రెండుసార్లే చూశాను.

మర్నాటి నుంచి మామూలే, కోర్టు. ఒక్క పని మిగిలింది. ఫలితం వచ్చిన ముప్పై రోజుల్లో ఖర్చుల లెక్క దాఖలు చెయ్యాలి, లేకపోతే మూడేళ్లు పోటీకి అనర్హులు. "మళ్లీ నిలబడతరా సార్?" అన్నాను. "నిలబడ, గని అనర్హుడని ఎవడూ అనొద్దు." గరిష్ఠ పరిమితి అప్పుడు నాలుగున్నర లక్షలు. మా లెక్కలో కరపత్రాలు, జిరాక్సులు, ఆటో, టీలు. టీలు ఎన్ని తాగామో ఇద్దరం కూర్చుని గుర్తుచేసుకున్నాం. మొత్తం వెయ్యి చేరలేదు. పెద్ద పార్టీల వాళ్ల లెక్కలకంటే మాది ఒక పేజీ ఎక్కువే ఉండి ఉంటుంది.

ఆ వానాకాలంలోనే చట్టం మారింది. డిపాజిట్ 500 నుంచి 10,000 అయింది. గుర్తింపు పార్టీ వాళ్లు కాకపోతే ప్రతిపాదించేవాళ్లు పది మంది ఉండాలి. సారు ఆ సవరణ కాపీ తెప్పించి, నన్నెదురుగా కూర్చోబెట్టుకుని, తీర్పు చదివినట్టు చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకుని, "మనం పార్లమెంటుకు పోలే గని, పార్లమెంటుకు పనైతే పెట్టినం" అన్నారు. ఆ రోజు అమ్మ చేత పాయసం చేయించారు. ఆవిడ, "పదివేలయ్యెనా, ఇగ మా ఆయన జోలికి పోడు" అని సంతోషంగానే చేసింది.

*

తర్వాత నాకు సర్కారు కొలువు వచ్చి ఊరు విడిచాను. 2019లో నిజామాబాద్ పసుపు రైతులు నామినేషన్లు వేసి, మొత్తం 185 మంది బరిలో మిగిలినప్పుడు, బూతుకు పన్నెండు యంత్రాలు పెట్టాల్సి వచ్చినప్పుడు, సారే ఫోన్ చేశారు. అప్పటికి డిపాజిట్ 25,000. "ఇరవై ఐదు వేలు పెట్టి నిలబడ్డరురా రైతులు! మనం ఐదు వందలకే నిలబడ్డం" అన్నారు. గొంతులో అసూయ ఉంది, నిజం చెప్పాలంటే. కాసేపటికి, "మిషిన్ల పేజీలు తిప్పే బాధ ఉండదు" అన్నారు. నేను మాట మార్చి ఆరోగ్యం అడిగాను.

ఆ ఎడమగట్టు కాలువ కోసం తవ్వే శ్రీశైలం సొరంగం ఇంకా పూర్తి కాలేదు. 2025 ఫిబ్రవరిలో అది కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారని టీవీలో వస్తుంటే సారు మంచంలో ఉన్నారు. పలకరించడానికి పోతే టీవీ గొంతు తగ్గించమని సైగ చేశారు. ఆ రోజు ఇద్దరం ఎక్కువ మాట్లాడుకోలేదు.

*

ఫైలు దొరికింది. సారు దాన్ని కేసులాగే కట్టారు. పైన అట్టమీద నంబరు, "ఎన్నిక, 1996", కింద ఎర్ర సిరాతో "డిస్పోజ్డ్". లాగితే ముడి ఊడింది. నామినేషన్ నాలుగో కార్బన్ కాపీ, డిపాజిట్ రసీదు, ఖర్చుల లెక్క, ఒక కరపత్రం. అన్నిటికీ అడుగున కాజ్ లిస్టు వెనక ఆ రాత్రి రాసిన ఊళ్ల జాబితా.

మొదటి వరుసలో ఊరు పేరు లేదు. నా పేరుంది. పక్కన "ఇంట్లో 4", బ్రాకెట్లో "ఖాయం".

కింద మొత్తం 1,340 అని వేసి రెండు గీతలు గీశారు. అలవాటు కొద్దీ పైనుంచి కిందికి కూడుకుంటూ వచ్చాను. 1,330 వచ్చింది. మళ్లీ కూడాను. అంతే. లెక్కల్లో సారు మొదటినుంచీ ఇంతే, ఫీజుల కూడికలు కూడా నేనే దిద్దేవాణ్ణి. జేబులో పెన్ను తీశాను. దిద్దడం మొదలుపెడితే కింది మొత్తంతో ఆగదు, పైనున్న నాలుగు దాకా పోవాలి.

"ఉంచాల్నా అన్నా, తూకానికెయ్యాల్నా?" అని గుమ్మంలోంచి సారు కూతురు అడిగింది.

"ఉంచమ్మా" అన్నాను. పెన్ను జేబులో పెట్టుకుని ఫైలు కట్టేశాను. హాల్లో విస్తళ్లు వేస్తున్నారు.